ఇంట్లోకి ఎలుక వస్తే, పాము వస్తే



పోయిన వారం మనం "ఎలుక" అనే మాట రాయడం నేర్చుకున్నాం. అప్పుడు వెనక వరుసలో కూర్చున్న పిన్నిగారు ఒకరు అన్నారు. "రాయడం వచ్చిందమ్మా. దాన్ని ఇంట్లోంచి పంపడం ఎట్లాగో అది చెప్పు." అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల కిందట మా ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. మా అమ్మ బజ్జీ ముక్కలో మందు కలిపి బియ్యం డబ్బా వెనక పెట్టింది. మా అన్న కూతురికి అప్పుడు ఏడాదిన్నర. తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి ఆ ముక్క తీసింది. నోటి దాకా తీసుకెళ్లింది. మా వదిన చూసి లాక్కుంది. పిల్ల తిన్నదో లేదో తెలియదు. పరుగున ఆసుపత్రికి తీసుకెళ్లాం. "ఏం మందు?" అని డాక్టరుగారు అడిగారు. ఎవరికీ తెలియదు. అమ్మకు చదువు రాదు. మరి నేనో? ట్రైనింగ్ అయినదాన్ని, పదిమందికి చదువు చెప్పేదాన్ని. ఆ పొట్లం నా కళ్ల ముందే ఉంది. నేనూ చదవలేదు. పిల్ల బతికింది. తినలేదు కాబట్టి బతికింది.

ఎలుకల మందుల్లో కొన్నింటికి విరుగుడు లేదు. ట్యూబులో వచ్చే పేస్టులో పచ్చ భాస్వరం ఉంటుంది. అది తింటే మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు. తరవాత కాలేయం పాడవుతుంది. అందుకే ఏ మందు కొన్నా దాని డబ్బా మీద ముక్కోణం రంగు చూడండి. ఎరుపు ఉంటే అన్నిటికంటే ఘోరమైన విషం. తరవాత పసుపు, తరవాత నీలం, ఆకుపచ్చ. పేరు లేకుండా విడిగా అమ్మే పొట్లం అసలు కొనకండి.

మరి మందు లేకుండా ఎట్లా? ముందు ఎలుక సంగతి తెలుసుకోవాలి.

చిటికెన వేలు పట్టే సందు ఉంటే చాలు, చుంచెలుక దూరిపోతుంది. దాని ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అందుకే చెక్కో, సబ్బో, గోనెసంచో ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. మూడు వారాలు మోసి ఒక్క ఈతలో ఆరేడు పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే తల్లులవుతాయి. మీరు ఒకదాన్ని చంపేలోపు పది పుడతాయి. మన కూచిపూడి నాట్యం ప్రపంచమంతా చూసింది గానీ, మన అటకల మీద రాత్రంతా జరిగే ఆట మనకొక్కరికే తెలుసు!

అన్నట్టు, పొలం గట్లు తవ్వే పందికొక్కు ఉంది కదా. ఇంగ్లీషువాళ్లు దాన్ని "బాండికూట్" అంటారు. ఆ మాట మన తెలుగు "పందికొక్కు" నుంచి పోయిందే.

కాబట్టి మొదటి పని సందులు మూయడం. తలుపు కింద రేకు కొట్టించండి. తూముకి ఇనప జాలీ పెట్టండి. గోడ కన్నాల్లో గాజుపెంకులు కూరి సిమెంటు పూయండి. ఒట్టి మట్టి పూస్తే తెల్లారేసరికి తవ్వేస్తుంది. బియ్యం, మినుములు మూత ఉన్న డబ్బాల్లో పోయండి. రాత్రి ఎంగిలి గిన్నెలు అట్లా వదిలేయకండి. తిండి దొరకని ఇంట్లో ఎలుక ఎన్నాళ్లుంటుంది?

రెండో పని బోను. ఎలుకకి అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు దగ్గరికి వెంటనే రాదు. రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టి, లోపల కొబ్బరి ముక్కో ఎండు చేపో పెట్టండి. అలవాటు పడ్డాక తలుపు విప్పండి. పడిన ఎలుకని పక్కింటి దొడ్లో వదలడం న్యాయం కాదు. దగ్గర్లో వదిలితే మళ్లీ మన ఇంటికే వస్తుంది. దూరంగా వదిలితే చాలా వరకు బతకదు. ఉన్నమాట చెబుతున్నాను. అందుకే సందులు మూయడమే అసలు మంచి పని అంటాను. జిగురు అట్టలు మాత్రం వద్దు. చర్మం ఊడి, రోజుల తరబడి గిలగిల్లాడి చస్తుంది.

మన డెల్టా పొలాల్లో యానాదులు తరతరాలుగా మందు లేకుండానే ఎలుకలు పడుతున్నారు. కుండలో గడ్డి వేసి, పొగ కన్నంలోకి ఊది, బయటికి వచ్చినదాన్ని పట్టుకుంటారు. గొప్ప విద్య అది.

ఇక పాము. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. పసుపు గోధుమ రంగులో పొడుగ్గా ఉండే జెర్రిపోతుకి విషం లేదు. ఎలుకల్ని తిని మనకు మేలు చేస్తుంది. మనం తాచుపాము అనుకుని దాన్నే ఎక్కువ కొడతాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పాముని చంపడం నేరం. చంపబోయి కాటు తిన్నవాళ్లు ఎందరో ఉన్నారు. పాము కనిపిస్తే పిల్లల్ని బయటికి పంపండి. దూరంగా నిలబడి అది ఎటు పోతుందో చూడండి. అటవీ శాఖవాళ్లకో, పాములు పట్టడం నేర్చినవాళ్లకో కబురు చేయండి.

2018 ఆగస్టులో పక్కనే దివిసీమలో పాము కాట్లు బాగా పెరిగాయి. వానలకు కన్నాలు నిండి పాములు గట్ల మీదికి, ఇళ్లలోకి వచ్చాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి హోమం చేయించింది. పూజ చేసుకోవద్దని నేను అనను. కాటు పడ్డాక మాత్రం మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం ఆగవద్దు. తాడు కట్టవద్దు, కోయవద్దు. కాలు కదపకుండా 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షను.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి. అజీర్తి అనుకుని ఇంట్లో ఉంచేస్తాం. దోమతెర కట్టి, అంచులు చాప కిందికి దోపి పడుకుంటే ఈ భయం చాలా తగ్గుతుంది.

మొన్న ఒక అక్క అడిగింది. వాళ్లబ్బాయి ఉడుత పిల్లని తెచ్చాడట, పెంచుకోవచ్చా అని. చిన్నప్పుడు నేనూ తెచ్చాను. దూదితో ఆవుపాలు పట్టాను. మూడో రోజు చచ్చిపోయింది. ఆ పాలు దానికి పడవని అప్పుడు తెలియదు. ఉడుత పిల్ల కిందపడితే గుడ్డ వేసిన బుట్టలో పెట్టి, అదే చెట్టు కొమ్మకు కట్టి, పిల్లికి అందకుండా చూడండి. తల్లి వచ్చి నోట కరుచుకుని పోతుంది. మనం ముట్టుకున్నామని వదిలేయదు.

పిల్లలు మరీ మారాం చేస్తే బెజవాడ దుకాణాల్లో తెల్ల ఎలుకలు అమ్ముతారు. అవి బోనులోనే పుట్టి పెరిగినవి. ఒంటరిగా ఉండలేవు, రెండుండాలి. రెండూ ఆడవైతే మేలు. లేకపోతే నెలకే ఇల్లు నిండుతుంది! రోజూ బోను కడగాలి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. అవి బతికేది రెండు మూడేళ్లే. ఆ సంగతి పిల్లాడికి ముందే చెప్పండి.

రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో సందులు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో నోటుపుస్తకంలో రాసుకుని రండి. తూము, గడప, అటక, చూరు, ఈ నాలుగు మాటలూ ఇప్పుడే బోర్డు మీద చూద్దాం.