సభలో జవాబు చెప్పువారు లేని మండలి

ఈ స్మారకోపన్యాసము ఎవరి పేర నెలకొన్నదో ఆ పెద్దలు తమ జీవితమంతయు సర్కారు పద్దులను పరిశీలించుటయందే గడపినవారగుటచే, ప్రజారోగ్యము పేరిట ఒక సంస్థకు ఒప్పగింపబడు అధికారమునకును ధనమునకును లెక్క అడుగువారెవరను విషయమే వారి స్మృతికి తగినదని తలచి, ఇంగ్లండు చరిత్రనుండి రెండు ఘట్టములను మీ యెదుట పెట్టుచున్నాను. మొదటిదానికడ ఎక్కువసేపు నిలుతును. రెండవది మనము బ్రదికియుండగా జరిగినదే.

1834లో ఆ దేశమున పేదల పోషణకై క్రొత్త చట్టము వెలసి, దాని అమలు ముగ్గురు కమిషనర్ల చేతికి వచ్చెను. వారిలో నెవ్వరును కామన్స్ సభలో కూర్చుండరాదని చట్టమే నిషేధించెను. కక్షల గాలి సోకకున్నచో పాలన నిష్పక్షపాతముగా సాగునని నాటివారి నమ్మకము. కాని ఆండోవరు అను ఊరి పేదలశాలలో ఎరువునకై ఎముకలు నలగగొట్టు దీనులు, ఆకలికి తాళలేక, ఆ ఎముకల నంటియున్న కుళ్ళిన కండను గీకి తినుచుండిరని 1845లో బయటపడినప్పుడు, కమిషనర్లు చేసినదానికి నేను బాధ్యుడనని సభలో లేచి చెప్పగల మంత్రి లేకపోయెను. రెండేండ్లకు, అనగా 1847లో, ఆ కమిషనును రద్దుచేసి, పార్లమెంటులో కూర్చుండి జవాబు చెప్పగల అధ్యక్షుడు గల మండలిని దాని స్థానమున నిలిపిరి.

ఇంతటి పాఠమును నేర్చిన ప్రభుత్వము మరుసటి ఏటనే దానిని సగము మరచినదన్నచో ఆశ్చర్యము కాదా? రద్దయిన కమిషనునకు కార్యదర్శిగా నుండిన ఎడ్విన్ చాడ్విక్, శ్రామికుల నివాసస్థలముల దుఃస్థితిని గూర్చి 1842లో వెలువరించిన నివేదికచే దేశమును కదలించినవాడు. అలయుట యెరుగని పరిశ్రమశాలి. అంతకంతయు పరుల మాట చెవినిబెట్టని మొండివాడు. కలరా ఐరోపా మీదుగా పడమటికి నడచివచ్చుచుండగా, 1848 ఆగస్టు 31న ప్రజారోగ్య చట్టము అమలులోనికి వచ్చి, మార్పెత్ ప్రభువు, ఆష్లీ ప్రభువు, చాడ్విక్ అను మువ్వురితో సాధారణ ఆరోగ్య మండలి ఏర్పడెను. ఆయువు ఐదేండ్లు. ఏడేండ్ల సగటున వేయింటికి 23కు మించి మరణములు గల ఊరిపై, అచటి పన్నుదారులు కోరినను కోరకున్నను, స్థానికారోగ్య సంఘమును నిర్బంధించు అధికారము దానికి దఖలుపడెను.

అధికారమింత గలిగియు ఆ మండలికి స్వంతమంత్రి లేడు. అడవుల శాఖను చూచు మంత్రి యెవరో అతడే పదవిరీత్యా దీనికి అధ్యక్షుడు. కొలది వారములలోనే మార్పెత్ తండ్రి గతింపగా అతడు కార్లైల్ ప్రభువై పెద్దల సభకు తరలిపోయెను. 1851లో ఆష్లీయును షాఫ్ట్స్‌బరీ ప్రభువై ఆ దారినే పోయెను. నడుమ 1850లో అడవుల శాఖతోపాటు అధ్యక్షపదవియు సీమర్ ప్రభువునకు సంక్రమించెను. ఇతడు మండలి సమావేశములకు వచ్చుటయే అరుదు. వచ్చినను తక్కిన సభ్యుల బలమునకు లోబడవలసివచ్చునని గొణుగుచుండెను. కామన్స్ సభలో మండలిని సమర్థింపవలసిన ఏకైక పురుషుడు దానికి లోలోపల విరోధి యగుట ఎంత విపరీతము!

రాజధాని ఆ చట్టమున చేరలేదు. లండను మురుగుకాలువలకు వేరొక కమిషను కలదు. అచటను చాడ్విక్ మాటయే చెల్లుచుండెను. దుర్గంధమే వ్యాధికి మూలమని అతని దృఢవిశ్వాసము గనుక, ఇండ్లక్రింది మలినమునంతను కాలువలలో తోసి థేమ్సు నదిలోనికి కడిగివేయించెను. ఆ నదినుండియే నీటి కంపెనీలు నగరమునకు త్రాగునీరు తోడుచుండెను. ఐరోపానుండి వచ్చిన ఆ కలరా యుపద్రవమున లండనులో 14 వేలకు పైగా జనులు బలియైరి. నీటిద్వారా వ్యాధి వ్యాపించునను వాదమును జాన్ స్నో వైద్యుడు 1849లోనే ప్రకటించియుండెను. దుర్గంధ సిద్ధాంతమును నాడు పండితులనేకులు నమ్మిరి కావున ఆ భ్రాంతికై చాడ్విక్‌ను దూషింపను. నేను తప్పుపట్టునది ఆ సందేహమును విని, ఆగుమని చెప్పగల పీఠమేదియు అతనిపై లేకుండుటను.

దినదినమును అడుగవలసిన ప్రశ్నలు అడుగబడనప్పుడు అవి యొక్కసారిగా కోపమై పైబడును. 1854 జూలై 31న, మండలి ఆయువును పొడిగింపగోరిన బిల్లును కామన్స్ సభ త్రోసిపుచ్చెను. నాటి దాడికి ముందు నిలిచినవాడు ఆ సీమర్ ప్రభువే. చాడ్విక్ తొలగిపోయెను, మరల వేతనముగల ప్రభుత్వోద్యోగము నెరుగకయే 1890వరకు జీవించెను. బెంజమిన్ హాల్ అధ్యక్షుడుగా, పార్లమెంటునకు జవాబుదారియైన క్రొత్త మండలి వచ్చినది. ఆగస్టు నెల చివరనే లండనులోని బ్రాడ్ వీధిలో కలరా ప్రబలి ఆరువందలకు పైగా ప్రాణములను బలిగొనెను.

ఇక రెండవ ఘట్టము, 2020. కోవిడ్ నడుమ, ఆగస్టు 18న, పార్లమెంటు సెలవులలో నుండగా, ఒక మేధాసంస్థ వేదికనుండి మాట్లాడుచు, అప్పటి ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్, 2013లో పుట్టిన పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అను ప్రభుత్వసంస్థను ఎత్తివేయుచున్నామని ప్రకటించెను. దాని వ్యాధినివారణ కార్యములను, బ్రహ్మాండమైన పరీక్షల పథకమును కలిపి 2021లో యూకే హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీ అవతరించెను. ఇల్లు కట్టకమునుపే గృహప్రవేశము చేసినట్లు, పర్యవేక్షకమండలియు, ఆడిటు సంఘమును కుదురుకొనకమునుపే అపారధనము దాని చేతులమీదుగా నడచెను. 2021-22 లెక్కలను చూచిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, తగిన సాక్ష్యాధారములు లేవనియు, ఆ లెక్కలపై ఏ యభిప్రాయమును ఈయజాలననియు 2023 జనవరిలో తేల్చెను. లెక్క తప్పనుటకంటె ఇది కఠినమైన మాట. తప్పో ఒప్పో చెప్పుటకు సైతము ఆస్కారము లేదని దాని తాత్పర్యము. అధికారులకు మహమ్మారిలో ఊపిరాడలేదనుట నిజమే, 1848వారికిని ఆడలేదు.

అయినను ఒక భేదము కలదు. సీమర్ ప్రభువు నాటి సభ మండలిని ఒక్క దెబ్బకు కూల్చినది. నేటి పార్లమెంటు లెక్కల సంఘము ఆ యేజెన్సీని కఠినముగా విమర్శించియు నిలువనిచ్చినది.