ఓక్ మొక్కకు తోడు కావాలి

మా నోవైలో కొత్త ఇల్లు కొన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే: ఇళ్ళు కట్టేటప్పుడు పైమట్టి గీకేస్తారు, మిగిలేది బంకమట్టి. మా అబ్బాయి పుట్టిన ఏడు అందులోనే ఒక ఓక్ మొక్క పాతాం. నీళ్ళు, ఎరువు, అన్నీ చేశాం. రెండేళ్ళకు ఎండిపోయింది. బిడ్డ పేరున పాతిన మొక్క కదా, మా అమ్మకు ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఫ్రాన్సు, ఇటలీలలో బంగారంలా తూచి అమ్మే ట్రఫుల్ తెలుసు కదా, భూమిలో కాసే పుట్టగొడుగు లాంటిది. దాన్ని సాగు చేసే దారి వెతకమని ప్రష్యా ప్రభుత్వం ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు పని అప్పగించింది. సాగు సంగతి తేలలేదుగాని, చెట్ల వేళ్ళకొసలకు శిలీంధ్రం తొడుగులా అంటుకుని బతుకుతోందని ఆయన గమనించి, 1885లో దానికి మైకోరైజా అని పేరు పెట్టాడు.

ఆ శిలీంధ్రపు పోగులు వేరు దూరలేని సందుల్లోకి వెళ్ళి భాస్వరం, నత్రజని, నీరు తెచ్చిపెడతాయి. బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. ఒక్కోసారి ఆకులు తయారుచేసిన దానిలో అయిదో వంతు దాకా! అందుకే ఎరువు దండిగా ఉన్న కుండీలో ఈ తోడు మొక్కకు దండగ ఖర్చే, ఎదుగుదల తగ్గినా తగ్గొచ్చు. దాని విలువ తెలిసేది బీద నేలలోనే. ప్యూర్టోరికోలో 1930ల నుంచి పైన్ మొక్కలు పెంచాలని చూస్తే బతకలేదు. 1955లో నార్త్ కరోలినా పైన్ తోపుల మట్టి తెచ్చి కలిపాక నిలదొక్కుకున్నాయి.

మా మొదటి మొక్క ఇందుకే పోయిందని ఒట్టేసి చెప్పలేను. రెండోదానికి మాత్రం ఎరువు మానేసి, ఒక స్నేహితుడి పెరట్లోని ముసలి ఓక్ కింద మట్టి, ఆయన్ని అడిగే, బకెట్టెడు తెచ్చి వేశాను. మొదటి ఏడు బెత్తెడైనా పెరగలేదు. "ఇదీ పోయినట్టే" అంది మా ఆవిడ. మూడో ఏడు వసంతంలో ఒక్కసారిగా లేచింది. ఇప్పుడు మావాడి భుజం దాకా ఉంది.

ఎలాగూ అడుగుతారు కనుక చెబుతున్నాను: ఈ మట్టి కరివేపాకు కుండీలో వేయకండి. దానికి సాయపడే శిలీంధ్రాలు వేరే రకం, వేరు కణాల్లోపలికే వెళ్ళి కాపురం పెడతాయి. ఆ కబుర్లు మరోసారి. ఉంటాను.