పాఠశాల జీపు చప్పుడు
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



పరీక్షాఫలితములను గూర్చి మాటలాడుదుమని మీరు తలచియుందురు. ఆ పట్టిక వరండా గోడకు అంటించియున్నాము, చూచుకొనవచ్చును. నేడు మేము చెప్పవలసినది పాఠశాల జీపును గూర్చి. దానిని అమ్మివేయుడని కొందరును, ఉంచుడని కొందరును మా గదికి వచ్చి వాదించి వెళ్లినారు. ఇరువురికిని కారణము ఒక్కటే: అది చేయుచుండిన చప్పుడు. అందులో ఎక్కువారు మీ పిల్లలు. కావున ఆ చప్పుడు ఏమిటో, మేమెక్కడ పొరపడితిమో దాచక చెప్పెదము.

సాలూరునుండి సుంకి, పొట్టంగిల మీదుగా కోరాపుటునకు పోవు ఘాటురోడ్డు మీరెరిగినదే. ఆ రోడ్డునుండి చీలిన మట్టిదారులలోని పిల్లలు కొందరు జీపు వచ్చిననే మన బడికి రాగలరు. జీపు నిలిచిననాడు వారు దగ్గరనున్న బడికి పోవుదురు. అచ్చట తెలుగు లేదు. కనుకనే దానిని అమ్ముటకు మాకు చేతులాడలేదు. చప్పుడు విని విననట్లు నడిపించుటకును ధైర్యము చాలలేదు.

గత వర్షాకాలము వెళ్లిన పిమ్మట జీపు గరగరలాడుట మొదలిడెను. పట్టణములోని ఒక మరమ్మతుశాలకు పంపితిమి. ఆ మేస్త్రీ ఒక్కమారు నడిపి చూచి, వెనుక హౌసింగు పోయినదనెను. విప్పించితిమి, బేరింగులు మార్పించితిమి, బిల్లు చెల్లించితిమి. జీపు తిరిగి వచ్చినది. గరగరయు దానితోడనే తిరిగి వచ్చినది! మేస్త్రీ తొందరపడెననుట సులభమే. కాని చప్పుడు ఎప్పుడు వచ్చును, ఎప్పుడు ఆగును అని అతడు అడుగలేదు, మేమును చెప్పలేదు. రోగి నోరు విప్పకున్న వైద్యుడేమి చేయును?

పిమ్మట డ్రైవరునకు ఒక నోటుపుస్తకమిచ్చి, చప్పుడు విన్నప్పుడెల్ల వ్రాయుమంటిమి. విన్నది విన్నట్లు తెలుగులోనే వ్రాయుమంటిమి. ఈ విషయమున మన భాష ధనవంతురాలు. కూత వేరు, గరగర వేరు, కిచకిచ వేరు, టకటక వేరు, ఠంగుమనుట వేరు. మేము తరువాత గ్రహించినదేమనగా, జీపులో ఒక్కొక్క భాగము చెడినప్పుడు చాలవరకు ఒక్కొక్క విధముగా పలుకును. యాక్సిలరేటరు తొక్కినప్పుడొక విధముగను, వదలినప్పుడొక విధముగను మారు కూత సాధారణముగా హౌసింగులోని క్రౌను, పీనియనులది. మలుపు తిరుగునప్పుడు హెచ్చుతగ్గులగు గరగర చక్రపు బేరింగుది. బరువు వెలుపలి చక్రము మీదికి ఒరుగుటయే కారణము. బండి నిలిచియుండగా వినబడి, క్లచ్చి తొక్కగనే మాయమగునది గేరుబాక్సుది. క్లచ్చి తొక్కినప్పుడే పుట్టునది క్లచ్చి బేరింగుది. తారుమీద ఒక విధముగను, కంకరమీద మరియొక విధముగను వినబడిన, ముందు టైర్లను చూడవలెను. ఇక నాలుగు చక్రములకు శక్తిని పంచు ట్రాన్స్‌ఫర్ పెట్టె కలదు. మన జీపులో వెనుక చక్రములకు పోవు శక్తియు ఎల్లప్పుడు ఆ పెట్టెలోని పళ్లచక్రముల గుండానే పోవలెను. కావున సన్నని కూత దానికి పుట్టుకతో వచ్చినది. దానికి బెదరనక్కరలేదు.

నోటుపుస్తకములో పదునైదు దినములకు తేలినది ఇది. బండి నిలిచినప్పుడు చప్పుడు లేదు, ఇంజను ఎంత తొక్కినను లేదు. బండి కదలిన వచ్చును, వేగముతో పెరుగును. యాక్సిలరేటరు తొక్కినను వదలినను మార్పు లేదు. మలుపులలోను మార్పు లేదు. అంతకుముందే, ముందు సీటులో కూర్చుండు ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె మాతో, "సార్, జీపు ఆగబోవునప్పుడు క్రింద పిచ్చుక అరచినట్లున్నది" అని చెప్పియుండెను. మేము నవ్వి, పాఠము చదువుకొమ్మంటిమి. ఆ నవ్వునకు నేటికిని సిగ్గుపడుచున్నాము. మెల్లగా పోవునప్పుడు తాళము తప్పక కిచకిచలాడునది గ్రీజు లేక ఎండిన షాఫ్టు క్రాసు. ఆమె చెప్పినది అక్షరాల అదియే.

అయితే ఏ షాఫ్టు? వెనుకదానికి డ్రైవరు క్రమముగా గ్రీజు పెట్టుచునేయుండెను. ముందుదానికి పెట్టలేదు. ముందు చక్రముల లివరు వేయకున్న ఆ షాఫ్టు తిరుగదని అతడనుకొనెను. మేమును అట్లే అనుకొంటిమి. అది పొరపాటు. మన జీపు ముందు చక్రములకు విడుదల హబ్బులు లేవు. లివరు వేయకున్నను, నేలమీద దొర్లు చక్రములే ఆ షాఫ్టును త్రిప్పుచుండును. పని చేయకయే సంవత్సరముల తరబడి తిరిగి అరిగిపోయినది! భారము లేదు గనుకనే యాక్సిలరేటరుతో చప్పుడు మారలేదు. మేస్త్రీచేత ముందు షాఫ్టును విప్పించి, వెనుక చక్రముల మీదనే కొంతదూరము నడిపించితిమి. గరగర లేదు. క్రాసు గిన్నెలు తీయగా సూదులవంటి బేరింగుల చోట ఎఱ్ఱని తుప్పుపొడి రాలినది. రెండు క్రాసుల ధర ముందటి బిల్లులో చిన్నభాగము.

ఆ క్రాసు ఘాటులో విరిగియున్నచో షాఫ్టు కొస ఊడి రోడ్డులో గ్రుచ్చుకొనియుండెడిది. అంతకుమించి వర్ణింపము.

మీలో సొంత జీపులు కలవారు కొందరున్నారు. వారికి ఒక మాట. పాత జీపులు పెక్కింటిలో చేతిబ్రేకు చక్రములను పట్టదు. ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనుకనున్న షాఫ్టును పట్టును. వెనుక చక్రమొకటి జాకీపై లేచినచో, షాఫ్టు నిలిచియున్నను, లేచిన చక్రము ఒకవైపునకు, నేలమీది చక్రము వేరొకవైపునకు తిరుగగలవు. చేతిబ్రేకు వేసియుండగనే బండి దొర్లును. కావున మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టక, గట్టి దిమ్మెలమీద నిలుపక, ఎవరును క్రిందికి దూరరాదు. అట్లే నాలుగు చక్రముల లివరును పొడి తారురోడ్డుమీద వేయరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము నడువవలెను. రెండింటిని కలిపి బిగించిన షాఫ్టులు మెలిపడును, లివరు బిగిసిపోవును. బురదకు దానిని దాచుకొనవలెను.

జీపును అమ్ముటలేదు. వచ్చు నెల మొదటి శని, ఆదివారములలో నాలుగు చక్రముల బేరింగులు విప్పి చూడనున్నాము; శనివారము జీపు రాదు. ఆనాడు మట్టిదారుల పిల్లలను రోడ్డువరకు నడిపించి బస్సు ఎక్కింపవలెనని వారి తల్లిదండ్రులను కోరుచున్నాము. నోటుపుస్తకము డ్రైవరు సీటు ప్రక్కన పెన్సిలుతో సహా వ్రేలాడుచున్నది. పిల్లలెవరైనను అందులో వ్రాయవచ్చును. ప్రతి శుక్రవారము మేము చదివెదము.