తగరపు ఊరి రగ్బీ జట్టు

వేల్సు దేశపు దక్షిణ తీరంలో, సముద్రం నేలలోనికి చొచ్చుకొని వచ్చిన పాయ ఒడ్డున, లానెల్లి అనే పట్టణం ఉన్నది. ఈ పేరులోని మొదటి అక్షరం పలకడం పరదేశీయులకు కష్టమే. నాలుకను లకార స్థానంలో నిలిపి, ఊపిరిని దాని ప్రక్కలనుండి ఊదవలెను. మన ళకారం గాని, ఱకారం గాని ఇందుకు అక్కరకు రావు. కాబట్టి మనం లానెల్లి అనియే అందాము. ఇనుపరేకుకు తగరపు పూత పూసే పరిశ్రమ ఒకనాడు ఇక్కడ ఎంతగా వర్ధిల్లినదంటే, ఊరికి టినోపొలిస్, అనగా తగరపురి, అనే మారుపేరు వచ్చినది. ఈ ఊరి రగ్బీ జట్టువారి పాట పేరు ‘సోస్‌బన్ వాఖ్’. చిన్న గిన్నె అని దాని అర్థం. వీరరసానికీ ఆ పాటకూ ఏ సంబంధమూ లేదు. వంటింటి చికాకులను గూర్చిన వేడుక పాట. అయినను వేలమంది ఒక్క గొంతుగా దానిని ఎత్తుకొంటే ఎదుటి జట్టుకు కాళ్లు తడబడతాయని ప్రతీతి. వారి మైదానమైన స్ట్రేడీ పార్కులో గోలుస్తంభాల కొనలకు నిజంగానే గిన్నెలు తగిలించి ఉండేవి.

ఆ జట్టు తన నూరేండ్ల పండుగ జరుపుకొన్న 1972-73 సంవత్సరపు కథ ఈనాటి ప్రసంగ విషయం.

రగ్బీ మన దేశంలో అంతగా ప్రచారంలో లేదు. రెండు మాటలు చెప్పుకొంటే చాలును. ఒక్కొక్క జట్టుకు పదిహేనుమంది. బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. దానిని చేత బట్టి ముందుకు పరుగెత్తవచ్చును, తన్నవచ్చును, కాని చేతితో అందించేటప్పుడు మాత్రం వెనుకవైపునకే అందించవలెను. బంతి పట్టినవానిని ఎదుటివారు పట్టి పడగొట్టవచ్చును. మన చెడుగుడు ఎరిగినవారికి ఈ పట్టు వింతగా తోచదు. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ‘ట్రై’. ఆ రోజులలో దానికి నాలుగు పాయింట్లు, ఇప్పుడు అయిదు. ట్రై తరువాత బంతిని స్తంభాల నడుమ అడ్డకమ్మీ మీదుగా తన్నితే మరి రెండు. ఎదుటివారు తప్పు చేసినప్పుడు లభించే పెనాల్టీ తన్నుకు మూడు.

మరొక సంగతి మరువరాదు. 1995 వరకు ఈ ఆటకు జీతం లేదు. ఆడినవారందరూ తమ తమ పనులు చేసుకొంటూ, సాయంకాలాలు సాధన చేసినవారే. లానెల్లి నాయకుడు డెల్మీ థామస్ విద్యుత్ సంస్థలో తీగలు లాగే పనివాడు.

1972 వసంతంలో జట్టుకు ఒక దెబ్బ తగిలినది. వేల్సులో ఆ ఏడే కొత్తగా మొదలుపెట్టిన కప్పు పోటీలో లానెల్లి తుదిదాకా వచ్చి, నీథ్ జట్టు చేతిలో 15-9 తేడాతో ఓడినది. నూరేండ్ల పండుగకు ఇది మంచి శకునం కాదు. పైగా ఆ శరదృతువులో న్యూజీలాండు జాతీయ జట్టు బ్రిటనుకు రానున్నది. నల్ల దుస్తులు ధరించే ఆ ‘ఆల్ బ్లాక్స్’ జట్టుతో తలపడడమంటే దేశాలకే జంకు. ఒక ఊరి జట్టు ఏపాటిది?

అయితే ఆ ఊరి జట్టుకు కార్విన్ జేమ్స్ అనే శిక్షకుడు ఉన్నాడు. బొగ్గుగని కార్మికుని కుమారుడు; వేల్సు భాషా సాహిత్యాలు బోధించే పండితుడు; నౌకాదళంలో ఉన్న కాలంలో రష్యను భాష నేర్చినవాడు. యౌవనంలో ఇదే జట్టులో ఆడినాడు. 1971లో బ్రిటిషు, ఐరిషు ఆటగాండ్ర సంయుక్త జట్టయిన ‘లయన్స్’కు శిక్షకుడై న్యూజీలాండుకు వెళ్లి, అక్కడ నాలుగు పెద్ద ఆటలలో రెండు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి సమం చేసి వచ్చినాడు. న్యూజీలాండులో లయన్స్ పై చేయి సాధించినది ఆ ఒక్కసారే. ఆ యాత్రలో థామస్, డెరెక్ క్విన్నెల్, చికో హాప్కిన్స్ ఆయన వెంట ఉన్నారు. కాబట్టి నల్లదుస్తులవారు కూడా మనవంటి మనుష్యులేనని ఆ గదిలో నలుగురికి అనుభవపూర్వకంగా తెలుసును. తరువాత జరిగినదానిని జనం పాటకూ, పట్టుదలకూ, ఆవేశానికీ అంటగట్టినారు. అవి లేవని కాదు. కాని ఈ తెలిసికొని ఉండడమే అసలు బలమని నా అభిప్రాయం.

1972 అక్టోబరు 31, మంగళవారం. పనిదినమే అయినా స్ట్రేడీ పార్కులో సుమారు 20,000 మంది చేరినారు. ఆట ముందు డెల్మీ థామస్ తన తోటివారితో మాట్లాడినాడు. లయన్స్ తో మూడుసార్లు సముద్రాలు దాటిన ఆయన, ఈ ఒక్క దినం గెలుపు కొరకు తాను పొందిన గౌరవాలన్నీ వదులుకొంటానని చెప్పగా, బలిష్ఠులైన ఆ మనుష్యుల కండ్లలో నీళ్లు తిరిగినవట.

తొలి నిమిషాలలోనే ఫిల్ బెనెట్ తన్నిన పెనాల్టీ అడ్డకమ్మీకి తగిలి వెనుకకు పడినది. న్యూజీలాండు ఆటగాడు కోలింగ్ దానిని దూరంగా తన్నబోయినాడు. రాయ్ బెర్గియర్స్ దూసుకొని వచ్చి ఆ తన్నుకు అడ్డుపడి, బంతి మీద వాలినాడు. ట్రై! బెనెట్ దానికి రెండు పాయింట్లు చేర్చినాడు. న్యూజీలాండు తరఫున జో కారమ్ ఒక పెనాల్టీతో మూడు రాబట్టినాడు. ఆపైన గంటకు పైగా సాగినది అందచందాల ఆట కాదు. బురద, గుద్దులు, పట్లు. నల్లదుస్తుల అలలు వచ్చి ఎర్రదుస్తుల గట్టుకు కొట్టుకొని మరలిపోతున్నవి. ఆట చివరి భాగంలో ఆండీ హిల్ చాల దూరంనుండి తన్నిన పెనాల్టీ స్తంభాల నడుమ పడినది. 9-3. ఫలకం మీద న్యూజీలాండు పేరు ‘సేలాండ్ నెవిద్’ అని వేల్సు భాషలోనే ఉన్నది. థామస్ ను జనం భుజాల మీద ఎత్తుకొన్నారు. ఆ రాత్రి ఊరి పానశాలలలో బీరు చుక్క మిగలలేదని ఇప్పటికీ చెప్పుకొంటారు.

డిసెంబరు 2న ఇదే న్యూజీలాండు జట్టు కార్డిఫ్ లో వేల్సు దేశాన్ని 19-16తో ఓడించినది. దేశానికి దక్కనిది ఊరికి దక్కినది! 1973 జనవరి 27న బార్బేరియన్స్ అనే ఆహ్వానిత జట్టు న్యూజీలాండును 23-11తో గెలిచినప్పుడు, నేటికీ రగ్బీ ప్రియులు మరువలేని ఆ మొదటి ట్రైకి బెనెట్ నాంది పలుకగా, టామ్ డేవిడ్, క్విన్నెల్ చేతుల మీదుగా సాగిన బంతిని గారెత్ ఎడ్వర్డ్స్ గీత దాటించినాడు. ఆ మొదటి ముగ్గురూ లానెల్లివారు. ఏప్రిలులో కప్పు తుది ఆటలో లానెల్లి కార్డిఫ్ జట్టును 30-7తో చిత్తుచేసి, నిరుటి బాకీ తీర్చుకొన్నది. ఆ కప్పు 1976 వరకు వరుసగా నాలుగేండ్లు వారిదే అయినది.

అయినను జనం నోట నిలిచినది 9-3 అన్న రెండు అంకెలే. తరువాత వచ్చిన ప్రతి తరం ఆటగాండ్రనూ ఆ అంకెలతో తూచినారు. ఇది కొంత అన్యాయమే. అంతకంటె పెద్ద అన్యాయం కార్విన్ జేమ్స్ కు జరిగినది. 1974లో వేల్సు జట్టు శిక్షక పదవికి ఆయన దరఖాస్తు పెట్టినాడు. జట్టు ఎంపికలో శిక్షకునికి పూర్తి స్వేచ్ఛ కావలెనన్నాడు. అందుకు పెద్దలు ఒప్పుకొనేటట్లు లేరని గ్రహించి విరమించుకొన్నాడు. స్వదేశపు జట్టుకు శిక్షణ ఇవ్వకుండానే 1983లో ఆమ్‌స్టర్‌డామ్ లో కన్నుమూసినాడు.

2003లో వేల్సు రగ్బీని ప్రాంతీయ జట్లుగా పునర్వ్యవస్థీకరించినప్పుడు, పలు క్లబ్బులు జతలుగా కలిసిపోగా, లానెల్లి, కార్డిఫ్ వలెనే, ఒంటరిగా, ‘స్కార్లెట్స్’ పేర నిలువగలిగినది. పాత క్లబ్బు క్రింది శ్రేణిలో ఆడుతూ వచ్చినది. 1972 నాటి జట్టులో రే గ్రావెల్ అనే ఇరవై ఒక్క ఏండ్ల యువకుడు ఉండెను. తరువాత వేల్సు భాషలో రేడియో ప్రసారాలు చేసి ఇంటింటికీ పరిచితుడైనాడు. ఆయన మరణించిన దినం 2007 అక్టోబరు 31. వీడ్కోలు చెప్పడానికి వేలమంది స్ట్రేడీ పార్కుకే వచ్చినారు. మరుసటి ఏడు, 2008లో, జట్టు కొత్త మైదానానికి తరలిపోయినది. పాత మైదానపు నేల మీద ఇండ్లు కట్టినారు.