తోడుకోని పాలు

(ఎల్.బి.నగర్‌లో సభ్యసంఘాల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని వెన్నశాతం గురించి మాట్లాడమన్నారు. అంతకు ముందు ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఒక సభ్యుడు ఉదయం పాలు సంఘంలో పోసి, సాయంత్రం పాలు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక విద్యార్థుల హాస్టలుకు వాడుక ఇచ్చేవాడు. రెండు రోజులు వరుసగా అక్కడ పెరుగు తోడుకోలేదు. వంటమనిషి నీళ్లు కలిపావని నిందించాడు. మేమూ ముందు నీళ్లనే అనుమానించాము. కేకలు కూడా వేశాము. లాక్టోమీటరు పెడితే పాలు చక్కగా ఉన్నాయి. అప్పుడు కొట్టానికి పోయి చూశాము. చూరులో నాలుగు ఖాళీ ట్యూబులు కనిపించాయి. గేదెకు పొదుగువాపు వస్తే ఎక్కించిన యాంటీబయాటిక్ మందు అది. తోడులోని మంచి క్రిములను ఆ మందే చంపినది. అతనిని అన్న మాటలకు మేము సిగ్గుపడ్డాము.

తోడు వేస్తే ఈ మందు పట్టుబడుతుంది. హాస్టలు పిల్లలు కాఫీలోనో, టీలోనో తాగేస్తే ఎవరికి తెలుస్తుంది? పాలను కాచితే క్రిములు చస్తాయి గాని మందు పూర్తిగా పోదు.

దీనివల్ల నష్టమేమిటని అడగవచ్చు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో ఎంత మందు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. అప్పటికే చావవలసినవి చచ్చి, మందుకు తట్టుకున్నవి మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండినది. మన పేగులలోని క్రిముల సంగతీ అంతే. పైగా ఇవి తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకు కూడా అందిస్తాయి.

మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలోని ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులు ఇతర దేశాలవారితో కలిసి 1,200 మందికి పైగా రోగులను పరీక్షించి, ఫలితాలను 2025లో ప్రకటించారు. వీరంతా పిత్తనాళాల ఎండోస్కోపీ చికిత్సకు వచ్చినవారు. మన దేశపు రోగులలో 100కి 83 మంది ఒంట్లో అనేక మందులకు లొంగని క్రిములు ఉన్నాయి. ఇటలీలో 31, అమెరికాలో 20, నెదర్లాండ్సులో దాదాపు 11 మంది మాత్రమే. అటువంటి క్రిమి రక్తంలోకి చేరితే వైద్యుని చేతిలో మిగిలే మందులు తక్కువ.

ఆ క్రిములు పాల వల్లే వచ్చాయని ఆ వైద్యులు చెప్పలేదు. మేమూ చెప్పము. చీటీ లేకుండా షాపులో మాత్రలు కొని మింగడం, రెండు రోజులకే మానేయడం పెద్ద తప్పులు. 2018లో దేశమంతటా తీసిన 6,432 పాల నమూనాలలో హద్దు మించి మందు ఉన్నవి 77 మాత్రమే. మన వాటా చిన్నదే గాని, అది మన చేతిలో ఉన్న వాటా.

ట్యూబు ఎక్కించినా, ఇంజెక్షను వేయించినా, ఆ మందుపై రాసిన గడువు దాటేవరకు పాలు క్యానులో పోయవద్దు. చివరి మోతాదు నుంచి లెక్కపెట్టాలి. సాధారణంగా 3 రోజులు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. ఒక రొమ్ముకే ఎక్కించామని మిగతా మూడింటి పాలు పోసేవారున్నారు. అదీ కూడదు. ఆ పాలు దూడకు పట్టవద్దు. కొట్టానికి దూరంగా గుంటలో పారబోయాలి.

ఇదే మాట ఒక సంఘంలో చెబితే ఒక సభ్యురాలు లేచి, "మూడు దినాలు పాలు పారబోస్తే దాణా బాకీ ఎవలు కడతరు సారూ?" అన్నది. ఆమెకున్నది ఒకటే గేదె. పూటకు 4 లీటర్లు, మొత్తం 24 లీటర్లు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. నిజం చెప్పినవారికి నష్టం, దాచినవారికి డబ్బు అయితే ఎవరు చెబుతారు?

కనుక, వైద్యం చేయించిన రోజే కార్యదర్శికి తెలిపిన సభ్యునికి, పోయని పాల వెలలో సగమైనా సంఘం లాభాల నుంచి ఇచ్చేటట్లు పాలకవర్గాలు మహాజనసభలో తీర్మానం పెట్టాలని మా సలహా. పశువు గుర్తు, మందు పేరు, గడువు తేదీ రాయడానికి ఒక రిజిస్టరు చాలు. తీర్మానపు నమూనా తెచ్చాము. భోజన విరామంలో తీసుకొనగలరు.

ఇక వెన్నశాతం సంగతికి వద్దాము.