రిజిస్టరు ఎవరి చేతిలో ఉంది?

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిప్పుల సంగతి పేటలోళ్ళకెందుకని కొందరు అడుగుతున్నారు. రిజిస్టరు దెబ్బ తిన్నవాళ్ళమే దాని గురించి మాట్లాడాలి.

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో దాన్ని మద్రాసు రాజధానికీ పాకించారు. ఏ నేరం చేయకున్నా ఎరుకల సోదరుల పేర్లు, వేలిముద్రలు రిజిస్టరుకెక్కాయి. పోలీసుకు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు.

ఇప్పుడు అమెరికాలో యంత్రానికి హాజరు వేయాలంటున్నారు. ఎన్విడియా వంటి కంపెనీల చిప్పులు ఏఐ యంత్రాలకు మెదడు లాంటివి. వాటిలో మేలురకాన్ని చైనాకు అమ్మకుండా 2022 అక్టోబరులో అమెరికా ఆంక్షలు పెట్టింది. అయినా దొంగదారిన పోతున్నాయని 2025 మేలో సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. చిప్పు ఎక్కడుందో కనిపెట్టే ఏర్పాటు అందులోనే ఉండాలట. చెప్పినచోట లేకపోతే కంపెనీ సర్కారుకు తెలపాలట.

అంతకుముందు జనవరిలో దేశాలకే మూడు మెట్లు కట్టారు. పైమెట్టు మీద అమెరికా దగ్గరి స్నేహితులు, నడిమెట్టు మీద ఇండియా. మేలో ఆ రూలు ఎత్తేస్తున్నామన్నారు. దేశాల నిచ్చెన నాలుగు నెలల్లో దిగింది. మన ఊళ్ళ నిచ్చెన ఎప్పుడు దిగుతుంది?

యంత్రాలను లెక్కపెట్టొద్దని మేం అనడం లేదు. లెక్క చెప్పాల్సింది బలమున్నవాడే. కానీ వాళ్ళ రిజిస్టరు అడిగేది ఒకటే: చిప్పు శత్రువు చేతిలో పడిందా? షెడ్డు కింద ఎవరి అసైన్డ్ భూమి పోయింది? ఎన్ని నీళ్ళు, ఎంత కరెంటు తాగింది? ఆ యంత్రం ఎవరి మీద కన్నేసింది? ఈ గడులు అందులో లేవు.

ఇది దూరపు ముచ్చట కాదు. 2024 మార్చిలో కేంద్రం ఇండియా ఏఐ మిషన్‌కు 10,000 కోట్లకు పైగా మంజూరు చేసింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది.

2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి పనుల సామాజిక తనిఖీలు జరిగాయి. కూలోళ్ళ మస్టరు నడిబజారులో చదివి వినిపించారు. కూలి మస్టరు చదివినప్పుడు కంపెనీ మస్టరు ఎందుకు చదవరు? తెలుగులో రాయాలి, గ్రామసభలో చదవాలి, అడిగినదానికి అక్కడే జవాబు చెప్పాలి. ప్రతి పేట నుంచీ ఈ డిమాండు లేవాలి.

జై భీమ్!