చట్టం, హక్కు: రెండు మాటల ముచ్చట
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోలండు భాషలో 'ప్రావో' అనే మాట ఉంది. చట్టమన్నా అదే, హక్కన్నా అదే. తిన్ననిది, సరైనది అనే మూలంలోంచి పుట్టింది.

మనకు రెండూ వేరు మాటలు. చట్టమంటే వడ్రంగి బిగించే చట్రమనే అర్థం కూడా ఉంది; తమిళంలోనూ అంతే. కర్నూలు, కడప నవాబుల ఏలుబడి పోయినా వకీలు, దస్తావేజు, కానూను, హక్కు మన నోళ్లలో నిలిచాయి. కానూను గ్రీకులో కొలబద్ద. అరబ్బీ మీదుగా ఇక్కడికి చేరింది. అరబ్బీలో హక్కంటే సత్యం కూడా. (ఫైళ్లలో ఎన్నిసార్లు రాశానో, ఈ సంగతి తెలిసింది మాత్రం రిటైరయ్యాకే!)

1979 మార్చి 31కి ముందు రిటైరైన కేంద్ర ఉద్యోగులకు కొత్త పెన్షన్ లెక్క వర్తించదన్నారు. అదీ నిబంధనే, చట్రంలో బిగించిందే. డి.ఎస్. నకారా గారు కోర్టుకెక్కారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తేదీ గీతను చెరిపేసింది. పెన్షన్ ఒకరి దయాదాక్షిణ్యం కాదు, హక్కేనంది. మనం ఏటా ఈ రోజే కలవడం అందుకే.

అయినా లైఫ్ సర్టిఫికెట్ చేతబట్టుకుని "నా పెన్షన్ ఇప్పించండి సామీ" అనేవాళ్లు మనలో ఉన్నారు. కిందటేడు ఆ 'సామీ' నా నోటా వచ్చింది.